మెట్రోకు 600 మీటర్లు అన్న ఫ్లాట్: గేటు నుంచి నడిచి చూశాక

ముందే చెప్పేస్తాను. ఫ్లాట్ వరకైతే ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను. "మెట్రో పక్కనే" అని చెప్పి అమ్ముతున్న దానికి మాత్రం ఒక్కటే. ఈ రెండో సంగతే ఎక్కువ రాస్తున్నాను. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా ముంబై హైవే పొడవునా ఇప్పుడు ఏ బ్రోచర్ తెరిచినా మొదటి పేజీలో కనిపించేది అదే కాబట్టి.

ప్రాజెక్టు బీరంగూడ కమాన్ (హైవే దగ్గరి తోరణం) నుంచి కిష్టారెడ్డిపేట వైపు వెళ్లే దారిలో ఉంది. పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క బిల్డర్‌వే కావు. ఆ చుట్టుపక్కల చూసిన మిగతా ప్రాజెక్టుల తీరు కూడా దాదాపు ఇదే.

నేను అమీర్‌పేటలో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో పర్మిషన్ డ్రాయింగులు గీస్తాను. సెట్‌బ్యాకులు (బిల్డింగు చుట్టూ వదిలే ఖాళీ), సెల్లార్ ర్యాంపులు, టాట్‌లాట్లు (పిల్లలు ఆడుకునే జాగా) రోజూ చూసేవే. ఉండేది చందానగర్‌లో, అద్దెకు. పొద్దున షేర్ ఆటోలో మియాపూర్ వెళ్లి అక్కడ మెట్రో ఎక్కుతాను. ఇంట్లో మావారు, ఇంటర్ చదివే మా అమ్మాయి, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య. ఉన్న ఒక్క కారు ఆయనతో పాటు పాశమైలారం వెళ్లిపోతుంది. అందుకే స్టేషన్‌కు నడిచి వెళ్లగలమా లేదా అన్నది మా ముగ్గురు ఆడవాళ్లకు చాలా పెద్ద విషయం. ఆ ఒక్క కారణంతోనే ఈ ఫ్లాట్ చూడటానికి వెళ్లాం.

ఫ్లాట్ గురించి త్వరగా చెబుతాను. 1,640 చదరపు అడుగుల మూడు బెడ్‌రూమ్‌లు, ఈస్ట్ ఫేసింగ్. హాల్లోకి రెండు వైపుల నుంచి గాలి వస్తుంది. వంటగదికి ఆనుకుని యుటిలిటీ సరిపడా ఉంది, వాషింగ్ మెషీన్ పెట్టాక కూడా అంట్లు తోమే మనిషి నిలబడగలదు. కారిడార్లు వెడల్పుగా ఉన్నాయి. యూడీఎస్, అంటే మొత్తం స్థలంలో మన ఫ్లాట్ వాటా, ఎంత వస్తుందో అడగకముందే కాగితం మీద చూపించారు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఇచ్చారు. సేల్స్ అబ్బాయి ఓపికగా, మర్యాదగా మాట్లాడాడు. అత్తయ్యకు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇచ్చాకే బ్రోచర్ తీశాడు. ఒక స్టార్ తగ్గించింది పిల్లల గదికి. మంచం వేస్తే అల్మారా తలుపు పూర్తిగా తెరుచుకోదు.

ఇక మెట్రో. బ్రోచర్‌లో హైవే మీద స్టేషన్ బొమ్మ, దాని చుట్టూ ఒక వలయం, పక్కన "600 మీటర్లు" అని ఉంది. లైను సంగతి నిజమే. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదించిన రెండో దశలో ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు ఉన్నాయి. అందులో మియాపూర్–పటాన్‌చెరు 13.4 కిలోమీటర్లు, హైవే వెంబడే. కానీ అది ఇంకా ప్రతిపాదన. స్టేషన్ కచ్చితంగా ఏ స్తంభాల మధ్య వస్తుందో, మెట్లు రోడ్డుకు ఏ వైపు దిగుతాయో తేలేది తర్వాత. మొదటి దశలో ఒక్కో స్టేషన్ పొడవే 140 మీటర్ల దాకా ఉంది. మెట్లు ఈ చివర దిగితే ఒక లెక్క, ఆ చివర దిగితే ఇంకో లెక్క. ఇది బిల్డర్ తప్పేం కాదు, కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఆ 600 మీటర్లు స్కేలు పెట్టి కొలిచిన గీత. నేను అత్తయ్యను సేల్స్ ఆఫీసులోనే కూర్చోబెట్టి, గేటు దగ్గర నుంచి హైవే మీద బొమ్మ చూపించిన చోటి దాకా నడిచాను. ఫోన్‌లో మ్యాప్ చూపించిన దూరం 1.4 కిలోమీటర్లు. ఎందుకంటే ప్రాజెక్టుకు ఉన్నది ఒకటే గేటు, అది పడమట వైపు. స్టేషన్ వచ్చేది దక్షిణాన. దక్షిణం వైపు ఎనిమిది అడుగుల కాంపౌండ్ గోడ, దాని అవతల పాత కాలనీ. ఆ కాలనీ సందులన్నీ నేరుగా హైవేకి దిగుతాయి. గోడకు ఒక్క చిన్న గేటు ఉంటే చాలు, పది నిమిషాల్లో స్టేషన్‌లో ఉండొచ్చు. అది లేదు కాబట్టి పడమర గేటులోంచి బయటికొచ్చి, కమాన్ దాకా వెళ్లి, మళ్లీ హైవే వెంట వెనక్కి నడవాలి.

ఆ నడక ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. గేటు నుంచి కమాన్ దాకా ఫుట్‌పాత్ ఉన్న చోట దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, కొబ్బరి బోండాల బండి, హార్డ్‌వేర్ షాపు వాళ్లు బయట పేర్చిన ప్లంబింగ్ పైపులు. లేని చోట తారురోడ్డు అంచు, దాని పక్కన మట్టి. సాయంత్రం ఆరింటికి టిప్పర్లు, స్కూలు బస్సులు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు. ఒక చోట డ్రైనేజీ మీద పలక పగిలి ఉంటే దాన్ని తప్పించడానికి రోడ్డు మీదికి దిగాల్సి వచ్చింది. హైవే చేరాక సర్వీసు రోడ్డు అక్కడక్కడా ఉంది, అక్కడక్కడా లేదు. నాకైతే నడక అలవాటే, ఇరవై నిమిషాలు దాటింది. అత్తయ్య నడవగలిగే దారి కాదది. ట్యూషన్ నుంచి రాత్రి ఎనిమిదింటికి దిగే మా అమ్మాయిని ఆ దారిలో ఒంటరిగా రమ్మని నేను చెప్పలేను.

2017లో కేంద్రం తెచ్చిన టీవోడీ విధానం, అంటే స్టేషన్ చుట్టూ ఊరు ఎలా పెరగాలో చెప్పే విధానం, స్టేషన్ నుంచి 500 నుంచి 800 మీటర్ల లోపు ప్రాంతాన్ని ప్రభావ ప్రాంతంగా తీసుకోమంది. మామూలు మనిషి పది పన్నెండు నిమిషాల్లో నడవగల దూరమని దాని అర్థం. అక్కడ ఇళ్లు, పనులు, దుకాణాలు కలిసి ఉండాలి, అన్ని ఆదాయాల వాళ్లకూ చోటుండాలి, నడకకూ సైకిలుకూ దారి ముందుండాలి, పార్కింగ్ అదుపులో ఉండాలి. అదే ఏడాది వచ్చిన మెట్రో విధానం కూడా, కేంద్రం సాయం కోరే రాష్ట్రం స్టేషన్ల చుట్టూ అభివృద్ధి ఎలా చేస్తుందో, అక్కడ పెరిగే భూమి విలువలోంచి ప్రజలకు ఎంత రాబడుతుందో ముందే చెప్పమంది. కాగితం మీద ఇవన్నీ సరైన మాటలే. కానీ వృత్తం గీసి "లోపల ఉన్నాం" అని చెప్పడం తేలిక. ఆ వృత్తంలో గోడలు ఎన్ని, సందులు ఎన్ని అని లెక్కపెట్టడం ఎవరి పని అన్నదే తేలడం లేదు.

ఇక్కడ మన దగ్గర ఒక ప్రత్యేకత ఉంది. అహ్మదాబాద్‌లో మెట్రో, బీఆర్‌టీఎస్ (బస్సులకే కేటాయించిన దారి) మార్గాలకు రెండు వైపులా 200 మీటర్ల లోపు ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క, 4 దాకా ఇచ్చారు. అంటే స్టేషన్ దగ్గర ఎక్కువ కట్టుకోవచ్చు, దూరమైతే తక్కువ. హైదరాబాద్‌లో అలా ఊరించడానికి వీల్లేదు, ఎందుకంటే ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే లేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తు వస్తుంది. స్టేషన్ పక్కనైనా, మూడు కిలోమీటర్ల అవతలైనా, వెడల్పు రోడ్డు, పెద్ద స్థలం ఉంటే టవర్ లేస్తుంది. నేను రోజూ గీసేది ఆ లెక్కతోనే. కాబట్టి "మెట్రో వస్తే జనం దగ్గరగా చేరతారు" అని ఇక్కడ ఊరికే అనుకోలేం. జనం ఎలాగూ చేరుతున్నారు. చేతిలో మిగిలిన అసలైన పనిముట్టు దారులే. ఏ రెండు స్థలాల మధ్య ఎంత రోడ్డు వదిలించాం, ఏ గోడకు ఎక్కడ గేటు పెట్టించాం అన్నదే.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పెద్ద గేటెడ్ ప్రాజెక్టు కట్టేటప్పుడు లోపలి భూములకు వెళ్లేందుకు స్థలం అంచున ఒక పబ్లిక్ రోడ్డు వేసి వదలాలన్న నిబంధన మన భవన నియమాల్లోనే ఉంది. ఈ ప్రాజెక్టు మంజూరు ప్లాన్ చూపించమని అడిగాను. సేల్స్ అబ్బాయి కొంచెం ఆశ్చర్యపోయాడు కానీ తెప్పించాడు. చూస్తే తూర్పు అంచున ఉత్తరం నుంచి దక్షిణానికి ముప్పై అడుగుల రోడ్డు చక్కగా గీసి ఉంది, పాత కాలనీ సందు ముగిసే చోట కలిసేలా. వెళ్లి చూస్తే ఆ జాగాలో నీలం రేకులు కట్టి ఉన్నాయి. లోపల ఇనుప చువ్వల కట్టలు, లేబర్ షెడ్లు, ఒక కాంక్రీట్ మిక్సర్. దక్షిణం కొసన గోడ. "హ్యాండోవర్ అయ్యాక క్లియర్ చేస్తాం మేడమ్" అన్నాడు. గోడ కూడా తీస్తారా అని అడిగితే, సెక్యూరిటీ కోసం కట్టామని చెప్పాడు. పబ్లిక్ రోడ్డుకు సెక్యూరిటీ గోడ ఏమిటని నేను గట్టిగానే అడిగాను. పై వాళ్లను కనుక్కుని చెబుతానన్నాడు.

ఆ ముప్పై అడుగుల రోడ్డు తెరిస్తే 1.4 కిలోమీటర్లు 700 మీటర్లవుతుంది. ఆ ఒక్క ప్రాజెక్టుకే కాదు, వెనకాల ఇంకా లోపలికి ఉన్న ఇండిపెండెంట్ ఇళ్ల వాళ్లకూ, ఖాళీ ప్లాట్ల వాళ్లకూ దారి దొరుకుతుంది. బీరంగూడలో, రామచంద్రాపురంలో, అమీన్‌పూర్ వైపు ఇలాంటి రోడ్లు ప్లాన్లలో ఎన్ని ఉన్నాయో, నేల మీద ఎన్ని ఉన్నాయో కూర్చుని సరిచూడాల్సిన సమయం ఇదే. స్తంభాలు లేచాక, ఫ్లాట్లలో జనం చేరాక, అసోసియేషన్ ఏర్పడ్డాక ఆ గోడ తీయించడం ఎవరి వల్లా కాదు. పైగా ఈ కారిడార్‌లో బీహెచ్‌ఈఎల్, ఇక్రిశాట్ లాంటి పెద్ద ప్రాంగణాలున్నాయి, వాటి గోడలు కిలోమీటర్ల పొడవు. వాటిని ఎవరూ కదిలించలేరు. అందుకే మిగిలిన చోట్ల దారులు మూసుకోకుండా చూసుకోవాలి.

మంచి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. మా ఆఫీసు ఉన్న అమీర్‌పేట, ఎస్సార్ నగర్ స్టేషన్ల మధ్య సందులు చూడండి. వాటిని టీవోడీ అని ఎవరూ ప్లాన్ చేయలేదు. చిన్న చిన్న ప్లాట్లు, నాలుగైదు అంతస్తుల బిల్డింగులు, ప్రతి యాభై అడుగులకో సందు. కింద జిరాక్స్ షాపు, కర్రీ పాయింట్, టిఫిన్ సెంటర్, మొబైల్ రిపేరు. మొదటి అంతస్తులో కోచింగ్ సెంటర్. పైన లేడీస్ హాస్టల్, బయట ఏసీ, నాన్ ఏసీ రేట్లు రాసిన బోర్డు. కడప నుంచో ఖమ్మం నుంచో వచ్చిన పిల్ల బ్యాగు తగిలించుకుని మెట్రో దిగి, ఆటో ఎక్కకుండానే గది, మెస్, క్లాసు అన్నీ చూసుకోగలదు. రాత్రి పదింటికి కూడా సందులో షాపుల వెలుగుంటుంది కాబట్టి భయం తక్కువ. అక్కడ పార్కింగ్ దాదాపు లేదు, అవసరమూ రాలేదు. లోపాలున్నాయి. ఫుట్‌పాత్ పేరుకే ఉంది, వాన పడితే నీళ్లు నిలుస్తాయి, హాస్టల్ గదుల్లో గాలి ఆడదు, ఫైర్ సేఫ్టీ చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. వీటిని సరిచేసి, ఆ సందుల అల్లికను మాత్రం అలాగే ఉంచితే కొత్త స్టేషన్లకు అంతకన్నా మంచి నమూనా ఉండదని నా నమ్మకం.

మొదటి దశ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. 2010 ఒప్పందంలో మెట్రో కట్టిన సంస్థకు డిపోలు, స్టేషన్ల దగ్గరి 269 ఎకరాల్లో దాదాపు 1.85 కోట్ల చదరపు అడుగులు కట్టుకునే హక్కు ఇచ్చారు. టికెట్ డబ్బుతోనే మెట్రో నడవదు కాబట్టి అద్దెలు తోడవుతాయని. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్ మాల్స్ అలా వచ్చినవే. పంజాగుట్టలో స్టేషన్ నుంచి మాల్‌లోకి ఎండ తగలకుండా వెళ్లిపోవచ్చు, అత్తయ్యకు అది చాలా ఇష్టం. కానీ ఆ సౌకర్యం మాల్ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఎదురు కాలనీలో ఉండే ముసలావిడకు రోడ్డు దాటడానికి ఆ అద్దెల లెక్క ఏ సాయమూ చేయదు. స్టేషన్ స్థలంలో కట్టడం ఒక పని, స్టేషన్ చుట్టూ ఊరిని సరిచేయడం మరో పని. రెండో దాన్ని ఎవరో ఒకరికి బాధ్యతగా రాసివ్వాలి.

ఆ పని జరిగితే ఎంత బాగుంటుందో ఉప్పల్‌లో చూశాను. 2023లో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) కట్టిన స్కైవాక్, మెట్రో స్టేషన్‌ను చౌరస్తాకు నలువైపులా ఉన్న బస్టాపులతో కలుపుతుంది. అంతకుముందు వరంగల్ బస్సు దిగి మెట్రో ఎక్కాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటాల్సి వచ్చేది. ఇప్పుడు లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. అయితే అది మెట్రో మొదలైన ఐదారేళ్లకు వచ్చింది. బీరంగూడ, పటాన్‌చెరులకు అది మొదటి రోజే ఉండాలి. అక్కడ స్టేషన్‌కు వచ్చేవాళ్లలో సగం మంది రుద్రారం, ఇస్నాపూర్ వైపు కంపెనీల్లో షిఫ్టులు చేసే వాళ్లే ఉంటారని నా అంచనా.

మళ్లీ ప్రాజెక్టుకు వస్తే, రెండు సెల్లార్ల పార్కింగ్ ఉంది. మా ఫ్లాట్‌కు రెండు కార్ల జాగా తప్పనిసరిగా కొనాలి. ఒకటి చాలు, రెండో దాని డబ్బులు తగ్గించండి అంటే కుదరదన్నారు. మెట్రో ఉందని చెప్పి ఎక్కువ ధర తీసుకుంటూ, మెట్రో లేనట్టే రెండు కార్ల జాగా కట్టడం నాకు మింగుడు పడలేదు. ఆ సెల్లార్లు తవ్విన ఖర్చంతా కొనేవాళ్ల నెత్తి మీదే పడుతుంది. రోడ్డు వైపు కింద దుకాణాలేమీ లేవు. పాలు, కూరగాయలు, మందులు అన్నీ క్లబ్ హౌస్‌లోని సూపర్ మార్కెట్‌లో దొరుకుతాయట. ఫలితంగా గేటు బయట రెండు వందల మీటర్ల పొడవునా గోడే. రాత్రిపూట ఆడవాళ్లు నడవాల్సింది ఆ గోడ పక్క నుంచి. ఆ ముందు వరసలో పది చిన్న షట్టర్లు పెట్టి ఉంటే అద్దెలూ వచ్చేవి, దారికి కళ్లూ ఉండేవి.

ధర విషయంలో ఒక్క మాట. కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. రాయదుర్గం–కోకాపేట మెట్రో కూడా ఇదే రెండో దశలో ఉంది. రైలు కన్నా ముందు ధర వచ్చేస్తుంది. అక్కడ అమ్మింది ప్రభుత్వ భూమి కాబట్టి ఆ డబ్బు ఖజానాకు చేరింది. బీరంగూడలో అమ్మేది ప్రైవేటు వాళ్లు. ఇక్కడ పెరిగిన విలువలోంచి కొంత ఫుట్‌పాత్‌కూ, స్కైవాక్‌కూ, చిన్న ఇళ్లకూ రావాలంటే ఇప్పుడే నియమం పెట్టాలి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పనిచేసే హెల్పరుకు స్టేషన్ పక్కన ఒక గది అద్దెకు దొరక్కపోతే ఆ రైలు ఎవరి కోసం? మాలాంటి ప్రయాణికుల కోసం కూడా మెట్రోకు పోటీ ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఇరవై నిమిషాలు ఆ మట్టిలో నడిచి టికెట్ కొనే బదులు కమాన్ దగ్గర 218 గానీ 219 గానీ బస్సు ఎక్కేస్తారు.

కొనాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఇదే. టోకెన్ ఇచ్చే ముందు మంజూరు ప్లాన్ అడగండి, అందులో అంచున పబ్లిక్ రోడ్డు ఎక్కడుందో చూడండి, వెళ్లి అక్కడ నిలబడండి. గేటు నుంచి హైవేకి సాయంత్రం వేళ నడవండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లతో కలిసి. సైట్ విజిట్ కారులో తిప్పితే ఆ దూరం తెలియదు.

నేను రెండు అడిగాను. ఒకటి, తూర్పు అంచు రోడ్డు ఫలానా తేదీకి తెరుస్తామని. రెండు, దక్షిణం గోడలో మనుషులు నడిచే గేటు పెడతామని. రెండూ అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో రాయాలని. వారం తర్వాత ఫోన్ చేశారు. గేటు పెట్టొచ్చు, యాక్సెస్ కార్డుతో, అసోసియేషన్ ఒప్పుకుంటే అన్నారు. రోడ్డు గురించి నోటి మాటే ఇస్తామన్నారు, రాతలో కుదరదన్నారు. మావారికి ఫ్లాట్ నచ్చింది, అత్తయ్యకు ఆ బాల్కనీ నచ్చింది. అడ్వాన్స్ చెక్కు మాత్రం నా దగ్గరే ఉంది. మంజూరు ప్లాన్ కాపీ జత చేసి, ఆ రోడ్డు ఎప్పుడు తెరిపిస్తారని మున్సిపాలిటీకి అర్జీ పెట్టాను. జవాబు వచ్చాక ఈ రివ్యూ కిందే రాస్తాను.